మెడ బిళ్లల్లోకి పాకిన క్యాన్సర్: ధమనిలోకి కీమో, కరెంటు (రేడియేషన్), ఆ తర్వాత ఆపరేషన్ – తరచుగా అడిగే ప్రశ్నలు

నేను ఒక క్యాన్సర్ ఆసుపత్రి రేడియేషన్ విభాగంలో నర్సుని. రిపోర్టుల కవరు ఒళ్లో పెట్టుకుని బెంచీ మీద కూర్చున్నవాళ్లు రోజూ అడిగే ప్రశ్నలివి. ఈమధ్య చాలామంది ఫోన్‌లో వీడియో చూపించి, "సిస్టర్, జపాన్‌లో రక్తనాళంలోంచి నేరుగా గడ్డలోకే కీమో ఎక్కిస్తున్నారట, మెడ కోయక్కర్లేదట, నిజమేనా?" అంటున్నారు. అందులో నిజం ఉంది, నిజం కానిదీ ఉంది. ఏది ఏదో తేల్చుకోలేక విలువైన వారాలు పోగొట్టుకున్న కుటుంబాలను చూశాను. అందుకే తీరిగ్గా రాస్తున్నాను. మీ మనిషికి ఏం చేయాలో స్కాన్లు చూసి చెప్పాల్సింది మీ డాక్టర్లే. వాళ్లతో మాట్లాడేటప్పుడు ఏం అడగాలో ఇది చదివితే తెలుస్తుంది.

క్యాన్సర్ నోట్లో ఉందన్నారు. మరి మెడలో బిళ్ల ఎందుకు కట్టింది?

కాలికి ముల్లు గుచ్చుకుని చీము పడితే గజ్జల్లో బిళ్ల కడుతుంది కదా, ఇదీ అదే దారి. నోటి నుంచి, గొంతు నుంచి వచ్చే లింఫు ద్రవం మెడలోని గ్రంథుల్లో వడపోసుకుని ముందుకు వెళ్తుంది. ఇలాంటి గ్రంథులు మెడలోనే దాదాపు 300 ఉంటాయి. పుండు నుంచి ఊడిన క్యాన్సర్ కణాలు ఆ ద్రవంతో కొట్టుకొచ్చి గ్రంథిలో చిక్కుకుని అక్కడే పెరుగుతాయి. మొదట్లో నొప్పి ఉండదు కాబట్టి ఎవరూ పట్టించుకోరు.

డాక్టర్లు మెడను లెవెల్స్‌గా చెబుతారు. గడ్డం కింద, దవడ కింద ఉన్నది లెవెల్ వన్. చెవి కింద మొదలై మెడ పక్కగా కిందికి దిగేవి టూ, త్రీ, ఫోర్. వాటికి వెనకాల ఉన్నది ఫైవ్. నాలుక, బుగ్గ క్యాన్సర్లు సాధారణంగా ముందు వన్, టూ, త్రీల్లోకి పాకుతాయి.

మా మామయ్యకు దవడ కింద ఉసిరికాయంత బిళ్ల కట్టినప్పుడు ఒక క్లినిక్‌లో ఏ పరీక్షా చేయకుండా టీబీ మందులు మొదలుపెట్టారు. నాలుగు నెలలు వాడాం. ఆ నాలుగు నెలల్లో ఆయన నోరు తెరిపించి టార్చి వేసి చూసినవాళ్లు లేరు. నాలుక పక్కన పుండు అప్పటికే ఉంది. మన దగ్గర మెడలో టీబీ బిళ్లలు ఎక్కువే, అనుమానించడంలో తప్పులేదు. పరీక్ష చేయకుండా మందులు మింగించడమే తప్పు. మూడు వారాలు దాటినా తగ్గని బిళ్ల ఉంటే, ముఖ్యంగా గుట్కా, ఖైనీ, చుట్ట అలవాటున్న మనిషికి, నోరు, గొంతు పూర్తిగా చూసి సూది పరీక్ష చేయమని అడగండి.

సూది గుచ్చితే క్యాన్సర్ ఒళ్లంతా పాకుతుందని మా ఊళ్లో అంటున్నారు.

పాకదు. ఎఫ్ఎన్ఏసీ అనే ఆ పరీక్షలో వాడేది చాలా సన్నని సూది. భయపడాల్సింది ఇంకొకటుంది. అసలు పుండు ఎక్కడుందో వెతకకుండా మెడ మీది బిళ్లను కోసి తీసేయడం మంచిది కాదు. తర్వాత చేయాల్సిన అసలు ఆపరేషన్‌కు ఆ కోత అడ్డం పడుతుంది.

మెడకు పాకితే నాలుగో స్టేజేనా? ఇక లాభం లేదా?

ఈ ప్రశ్న అడిగేటప్పుడు చాలామందికి గొంతు పెగలదు. ముందు ఇది వినండి. నోటి క్యాన్సర్‌లో మెడకు ఒకవైపు ఒకే బిళ్ల ఉండి, అది మూడు సెంటీమీటర్లు దాటకుండా, గ్రంథి పొర చీల్చుకుని బయటికి రాకుండా ఉంటే, నోట్లోని పుండు కూడా మరీ ముదరకపోతే మూడో స్టేజీ అంటారు. బిళ్లలు ఎక్కువైతేనో, రెండువైపులా ఉంటేనో, పెద్దవైతేనో నాలుగు అంటారు. ఆ నాలుగులో కూడా ఏ, బీ, సీ అని ఉన్నాయి. ఊపిరితిత్తులకో ఎముకలకో వెళ్లినదే 'సీ'. నాలుగు-ఏలో ఉన్నవాళ్లకు నయం చేయాలన్న ఉద్దేశంతోనే వైద్యం చేస్తారు. రిపోర్టులో '4' అంకె చూసి ఇంటికి తీసుకెళ్లిపోకండి. అలా వెళ్లిపోయి, ఆరు నెలలకు తిరిగొచ్చిన కుటుంబాలున్నాయి.

మెడకు పాకడం చిన్న విషయమని మాత్రం చెప్పను. బిళ్ల లేనివాళ్లతో పోలిస్తే ఉన్నవాళ్లు బతికి బయటపడే అవకాశం దాదాపు సగానికి పడిపోతుంది. బిళ్లలకు ఎలా వైద్యం చేయాలని ఇన్ని దేశాల్లో ఇన్నేళ్లుగా తంటాలు పడుతున్నది అందుకే.

ధమనిలోంచి కీమో అంటే అసలు ఏం చేస్తారు?

మామూలు కీమో చేతి నరంలోకి సెలైన్‌తో పాటు ఎక్కుతుంది. అక్కడి నుంచి గుండెకు, గుండె నుంచి ఒళ్లంతటికీ వెళ్తుంది. గడ్డకు చేరేది అందులో కొంతే. గడ్డకు రక్తం తీసుకెళ్లే ధమనిలోకే సన్నటి గొట్టం పంపి అక్కడే మందు వదిలితే గడ్డకు గాఢంగా అందుతుంది, మిగతా ఒంటికి తక్కువ తగులుతుంది. ఆలోచన ఇదే. ఇందుకు రెండు దారులు ప్రసిద్ధం.

ఒకటి అమెరికాది. 1990లలో డాక్టర్ కె. థామస్ రాబిన్స్ బృందం పేరు తెచ్చిన ఈ పద్ధతిని ర్యాడ్‌ప్లాట్ అంటారు. గుండెకు యాంజియోగ్రాం చేసినట్టే తొడ దగ్గరి ధమనిలోంచి గొట్టం పైకి పంపి, మెడలోని కెరోటిడ్ ధమని కొమ్మల్లో గడ్డకు రక్తమిచ్చే కొమ్మను పట్టుకుంటారు. అందులోకి వారానికోసారి, నాలుగు వారాలు, శరీర విస్తీర్ణం చదరపు మీటరుకు 150 మిల్లీగ్రాముల సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు వదులుతారు. ఇది చాలా పెద్ద మోతాదు. అది కిడ్నీలను దెబ్బతీయకుండా, అదే సమయంలో నరంలోకి సోడియం థయోసల్ఫేట్ ఎక్కిస్తారు. గడ్డను దాటి రక్తంలో కలిసిన సిస్‌ప్లాటిన్‌ను అది పట్టుకుని నిర్వీర్యం చేస్తుంది. వీటితో పాటే రోజూ రేడియేషన్ నడుస్తుంది.

రెండోది జపాన్‌ది. వీడియోల్లో మీరు చూస్తున్నది ఎక్కువగా ఇదే. 1990ల చివర్లో నగోయాలో మొదలై, తర్వాత యొకోహామా సిటీ యూనివర్సిటీలో బాగా పెరిగింది. చెవికి ముందు, కణత కింద వేలు పెట్టి చూడండి, సన్నగా ఒక నాడి కొట్టుకుంటుంది. అక్కడ చిన్న కోత పెట్టి ఆ ధమనిలోంచి గొట్టాన్ని రక్తం వచ్చే దిశకు ఎదురుగా కిందికి పంపుతారు. ఒక్కోసారి చెవి వెనకాల ఉండే ధమనిలోంచి కూడా పంపుతారు. గొట్టం కొన నాలుక ధమనిలోకో, ముఖ ధమనిలోకో చేరాక అక్కడే నిలబెట్టి వారాల పాటు ఉంచేస్తారు. మందు సరైన చోటికే వెళ్తోందో లేదో చూడటానికి గొట్టంలోంచి నీలం రంగు వదులుతారు. నాలుక సగం నీలంగా మారితే ఆ సగానికే మందు అందుతోందని లెక్క. నాకు ఈ పద్ధతిలో బాగా నచ్చిన విషయం ఇది, కళ్లతో చూసి తేల్చుకోవచ్చు. తర్వాత రేడియేషన్ ఇచ్చే ప్రతి రోజూ చదరపు మీటరుకు 5 మిల్లీగ్రాముల చొప్పున కొద్దికొద్దిగా సిస్‌ప్లాటిన్, వారానికోసారి డోసెటాక్సెల్ అనే ఇంకో కీమో మందు ఇస్తారు. ఆపరేషన్‌కు ముందు వైద్యంగా అయితే నాలుగు వారాల్లో 40 గ్రే రేడియేషన్ (రేడియేషన్ మోతాదును గ్రేలలో కొలుస్తారు). ఆపరేషన్ లేకుండా దీంతోనే నయం చేయాలనుకుంటే ఆరు వారాల్లో 60 గ్రే.

కీమో, కరెంటు రెండూ ఒకేసారి ఎందుకు? ఒకటి అయ్యాక ఒకటి ఇస్తే తట్టుకుంటారు కదా?

రేడియేషన్ క్యాన్సర్ కణాల డీఎన్ఏను విరగ్గొడుతుంది. కణం దాన్ని అతికించుకునే ప్రయత్నం చేస్తుంది. సిస్‌ప్లాటిన్ ఆ అతుకు పడనివ్వదు. అందుకే రెండూ ఒకే సమయంలో ఉండాలి.

నాలుక మీది పుండుకు సరే, మెడ బిళ్లలకు కూడా ధమని కీమో అంతే బాగా అందుతుందా?

వీడియోలో చెప్పనిది ఇదే. నాలుకకు రక్తమిచ్చే ధమని ప్రధానంగా ఒకటే, దాన్ని పట్టుకుంటే పని సగం అయినట్టే. మెడ బిళ్లల సంగతి అలా కాదు. దవడ కింద బిళ్లలకు ముఖ ధమని నుంచి రక్తం వస్తుంది. చెవి కింద ఉన్న లెవెల్ టూకి తల వెనక్కి వెళ్లే ధమని నుంచి, థైరాయిడ్ పైకొమ్మ నుంచి వస్తుంది. ఇంకా కిందికి దిగితే ఆ రక్తం కెరోటిడ్‌ది కాదు, కాలరెముక దగ్గరి వేరే ధమని కొమ్మలది. ఒక గొట్టంతో ఇన్నింటినీ అందుకోవడం కుదరదు. మూడు చోట్ల మూడు బిళ్లలున్న మనిషికి ఎన్ని కొమ్మల్లో దూరాలో ఆలోచించండి.

ఇంకో చిక్కుంది. పెద్ద బిళ్లల మధ్యభాగం తరచుగా కుళ్లి ఉంటుంది. సీటీలో నడుమ నల్లగా కనిపించేది అదే. అక్కడికి రక్తమే సరిగ్గా వెళ్లదు, రక్తంతో పాటు వెళ్లాల్సిన మందు ఎలా వెళ్తుంది? యొకోహామా డాక్టర్లకు ఇది బాగా తెలుసు. అందుకే ఆరు సెంటీమీటర్లు దాటిన పెద్ద బిళ్లలకు ధమని కీమో, రేడియేషన్‌లతో ఆగకుండా, బయటి నుంచి రేడియో తరంగాలతో బిళ్లను వేడెక్కించే హైపర్‌థెర్మియాను కూడా జోడించి చూశారు. అంత నైపుణ్యం ఉన్నవాళ్లే మెడకు మరో ఆయుధం వెతుక్కున్నారంటే, మెడ బిళ్ల ఎంత మొండిదో తెలుస్తుంది.

చేతి నరంలోకి ఇచ్చే కీమో కంటే ఇది మేలని రుజువైందా?

నెదర్లాండ్స్‌లో దీన్ని నేరుగా పోల్చి చూశారు. ఆపరేషన్‌కు లొంగనంత ముదిరిన తల, మెడ క్యాన్సర్లున్న 239 మందిని రెండు గుంపులు చేసి, అందరికీ రేడియేషన్ ఇస్తూ, సగం మందికి ధమనిలోకి, సగం మందికి మామూలుగా నరంలోకి సిస్‌ప్లాటిన్ ఇచ్చారు. ఫలితాలు 2010లో వచ్చాయి. క్యాన్సర్ అదుపులో కానీ, బతికిన కాలంలో కానీ ధమని దారి మెరుగని తేలలేదు. కిడ్నీలకు దెబ్బ మాత్రం తగ్గింది. నాడీ వ్యవస్థకు సంబంధించిన ఇబ్బందులు ధమని వైపు ఎక్కువ కనిపించాయి.

ఇది ర్యాడ్‌ప్లాట్ పద్ధతికి సంబంధించిన ఫలితం. జపాన్ వాళ్ల రోజువారీ చిన్న మోతాదు పద్ధతి వేరు, అక్కడి ఆసుపత్రుల నుంచి మంచి ఫలితాలే వెలువడ్డాయి. అయితే అవి ఎక్కువగా ఒకే ఆసుపత్రిలో, ఎంపిక చేసుకున్న రోగుల్లో చూసినవి. ఇల్లు అమ్ముకుని విమానం ఎక్కాల్సినంత తేడా ఉందని నేను నమ్మను.

ఎక్కువమందికి ముందు ఆపరేషన్ అంటున్నారు. ముందే కీమో, కరెంటు ఇచ్చి బిళ్లను చిన్నది చేస్తే మంచిది కాదా?

నోటి క్యాన్సర్‌లో తీయగలిగిన గడ్డను ముందు తీసేయడమే ఇప్పటికీ అసలు పద్ధతి. ముంబై టాటా మెమోరియల్ ఆసుపత్రి 2015లో ప్రచురించిన అధ్యయనం ప్రపంచమంతా వైద్యం తీరును మార్చింది. బిళ్ల పైకి తెలియని, తొలి దశ నోటి క్యాన్సర్‌లో కూడా మెడ గ్రంథులు ముందే తీసేసినవాళ్లలో మూడేళ్లకు 80 శాతం మంది బతికి ఉన్నారు. బిళ్ల కనిపించాక తీద్దామని ఆగినవాళ్లలో 67.5 శాతం మంది. ఆపరేషన్ తర్వాత పరీక్షలో బిళ్ల పొర చిట్లిందనో, అంచుల్లో క్యాన్సర్ మిగిలిందనో వస్తే అప్పుడు కీమోతో కలిపి రేడియేషన్ ఇస్తారు.

ఆపరేషన్‌కు ముందు రేడియేషన్ ఇస్తే ఒక నష్టం ఉంది. కరెంటు తగిలిన చర్మం, కండ మానడం ఆలస్యమవుతుంది. కుట్లు విడిపోవడం, నోట్లోంచి మెడ బయటికి లాలాజలం కారే దారి పడటం, అరుదుగా కెరోటిడ్ ధమనే పగలడం లాంటి ప్రమాదాలు పెరుగుతాయి.

మరి ముందు మందు ఎవరికి? బిళ్ల కెరోటిడ్ చుట్టూ అల్లుకుపోయి, గడ్డ పైకి పాకిపోయి, "ఇప్పుడు కోస్తే మొత్తం రాదు" అని సర్జన్ చెప్పినవాళ్లకు. టాటాలో అలాంటి 721 మందికి ముందు కీమో ఇచ్చి చూస్తే దాదాపు 43 శాతం మందికి గడ్డ తగ్గి ఆపరేషన్ చేయగలిగారు. అది నరంలోకి ఇచ్చే మామూలు కీమోనే. 'చేయలేం' అని ఒకసారి విన్నంత మాత్రాన తలుపు మూసుకుపోయిందని అనుకోకండి.

ఆపరేషన్‌కు ముందు ఇమ్యునోథెరపీ అని కొత్తగా వింటున్నాం.

నిజమే. ఒంట్లోని రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదికి ఉసిగొల్పే వైద్యం ఇది. పెంబ్రోలిజుమాబ్ అనే మందును ఆపరేషన్‌కు ముందు రెండు డోసులు, తర్వాత రేడియేషన్‌తో పాటు కొనసాగించే పద్ధతికి 2025 జూన్‌లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది. గడ్డ ముక్కలో పీడీ-ఎల్1 అనే ప్రొటీన్ ఎంతుందో చూసే పరీక్ష ఫలితాన్ని బట్టి ఇస్తారు. ధర చాలా ఎక్కువ. అప్పు చేసే ముందు, మీ మనిషికి దానివల్ల ఎంత తేడా వస్తుందో డాక్టర్‌ను సూటిగా అడగండి.

మన దగ్గర ధమని కీమో అడగాలా, వద్దా?

అడగండి, తప్పేం లేదు. సర్జన్, రేడియేషన్ డాక్టర్, కీమో డాక్టర్ ముగ్గురూ కలిసి కేసు చూసే ట్యూమర్ బోర్డు ఉన్న ఆసుపత్రిలో అడగండి. హైదరాబాద్‌లో ఎంఎన్‌జే, బసవతారకం, విశాఖలో టాటా వాళ్ల హోమీ భాభా ఆసుపత్రి లాంటివి క్యాన్సర్ కోసమే ఉన్నాయి. తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ కింద క్యాన్సర్ ఆపరేషన్, కీమో, రేడియేషన్‌లకు ప్యాకేజీలు ఉన్నాయి. కార్డు తీసుకునే వెళ్లండి. ఒక డాక్టర్ ఆపరేషన్‌కు తేదీ ఇచ్చారంటే, రెండో అభిప్రాయం ఒక వారంలో తేల్చుకోండి. ధమని కీమో ఎక్కడ దొరుకుతుందా అని నెల రోజులు తిరిగేలోపు బిళ్ల పొర చీల్చుకుని పక్క కండకు అంటుకోవచ్చు.

గొట్టం పెట్టడంలో ప్రమాదం ఏముంది?

మెడలో ధమని అంటే మెదడుకు వెళ్లే దారి. గొట్టం కదిలినా, దాని కొన దగ్గర రక్తం గడ్డకట్టి ముక్క పైకి వెళ్లినా పక్షవాతం రావచ్చు. అరుదే, కానీ మాట్లాడకుండా దాటేసే విషయం కాదు. గొట్టం జారి మందు పక్క కొమ్మలోకి పోతే ఆ భాగం చర్మం కమిలిపోతుంది. ముఖంలో ఒకవైపు నరం దెబ్బతిని మూతి వంకర పోవచ్చు. ఇన్ఫెక్షన్ భయం ఎలాగూ ఉంది. వీటన్నిటి పైన రేడియేషన్ వల్ల నోరంతా పూయడం ఏ పద్ధతిలోనైనా తప్పదు. ఎక్కువ మందు అందిన వైపు పూత ఇంకా ఘాటుగా ఉంటుంది.

కరెంటు పెడితే షాక్ కొడుతుందా? మాస్క్ వేస్తారంటే టెన్షన్‌గా ఉంది.

మనవాళ్లు 'కరెంటు' అంటారు కానీ అది ఎక్స్‌రే లాంటి కిరణమే, తగిలినట్టు కూడా తెలియదు. మాస్క్ మాత్రం చాలామందిని భయపెడుతుంది. జల్లెడలా చిల్లులున్న తెల్లటి ప్లాస్టిక్ పలకను వేడినీళ్లలో మెత్తబరచి ముఖం, మెడ మీద పరిచి నొక్కుతారు. వేడి గుడ్డ కప్పినట్టు ఉంటుంది. కొద్ది నిమిషాల్లో గట్టిపడి మీ ముఖం అచ్చు వచ్చేస్తుంది. రోజూ అదే మాస్క్ టేబుల్‌కు బిగిస్తారు, మెడ ఒక్క మిల్లీమీటరు కూడా కదలకూడదని. చిల్లుల్లోంచి ఊపిరి హాయిగా ఆడుతుంది. ఇబ్బందిగా ఉంటే చెయ్యి ఎత్తండి, కెమెరాలో చూస్తూనే ఉంటాం. గడ్డం ముందే తీయించుకోండి. తర్వాత పెంచినా, తీసినా మాస్క్ బిగువు మారిపోతుంది.

ఆడవాళ్లు గొంతు తగ్గించి అడిగే ప్రశ్న ఒకటుంది, తాళి తీయాలా అని. మెడ మీద లోహం ఉండకూడదు కాబట్టి గొలుసు, ముక్కుపుడక, కమ్మలు తీయాలి. చాలామంది వైద్యం అయ్యేదాకా పసుపుతాడుకు పసుపుకొమ్ము కట్టుకుని, మాస్క్ వేసే ఆ కాసేపు దాన్ని కూడా తీసి భర్త చేతికో, అత్తగారి చేతికో ఇచ్చి లోపలికి వస్తారు. చర్మం కమిలాక తాడు కూడా ఒరుసుకుంటుంది, అప్పుడు తీసి ఉంచుకోవడమే మంచిది. అందులో అపచారం ఏమీ లేదమ్మా.

పళ్లు బాగానే ఉన్నా పీకించమంటున్నారు.

బాగున్నవాటిని పీకరు. పుచ్చినవి, కదిలేవి రేడియేషన్‌కు రెండు, మూడు వారాల ముందే తీయించాలి, ఆ గాయం మానాలి. రేడియేషన్ తగిలిన దవడలో తర్వాత పన్ను పీకితే ఎముక మానకుండా కుళ్లే ప్రమాదం ఉంది. ఏళ్లు గడిచినా సరే, పన్ను పీకించుకునే ముందు 'నాకు కరెంటు పెట్టారు' అని డెంటిస్ట్‌కు చెప్పాలి.

ఏం తినాలి? ఆవకాయ లేకుండా ముద్ద దిగదు.

రెండో వారం దాటాక మీకే వద్దనిపిస్తుంది. రాగిజావ, మెత్తగా మెదిపిన పెరుగన్నం, పప్పుకట్టు, ఉడికిన గుడ్డు మెదిపి పాలలో కలిపినది, ఏదైనా గోరువెచ్చగా. లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఒక చెంచా ఉప్పు, ఒక చెంచా వంటసోడా కలిపి రెండు, మూడు గంటలకోసారి పుక్కిలించండి. కారం, వేడి వేడి టీ, మద్యం, పొగ అన్నీ మానాలి. శ్రీకాకుళం, విశాఖ వైపు పెద్దవాళ్లకు చుట్టను నిప్పు లోపలికి పెట్టి పీల్చే అడ్డపొగ అలవాటుంది. అంగిలి క్యాన్సర్‌కు అది పెద్ద కారణం. వైద్యం జరుగుతుండగా కూడా రహస్యంగా కాల్చేవాళ్లున్నారు. తిట్టకండి, పక్కన కూర్చోండి.

బరువు వారంవారం రాసుకోండి. తగ్గుతూ పోతే ముక్కులోంచి పైపు వేద్దామంటారు. ఓడిపోయినట్టు బాధపడి వద్దనకండి. పైపు వేశాక వైద్యం ఒక్కరోజు కూడా ఆగకుండా పూర్తి చేసినవాళ్లు ఎందరో ఉన్నారు. మధ్యలో ఆపితే క్యాన్సర్ కణాలు పుంజుకుంటాయి.

కీమో, కరెంటుతోనే బిళ్ల కరిగిపోయింది. ఇక మెడ ఎందుకు కోయాలి?

కొందరికి నిజంగానే అక్కర్లేదు. బ్రిటన్‌లో 564 మందిపై చేసి 2016లో ప్రచురించిన అధ్యయనంలో, కీమో-రేడియేషన్ అయిన 12 వారాలకు పెట్-సీటీ స్కాన్ తీసి, అనుమానం ఉన్నవాళ్లకే మెడ ఆపరేషన్ చేశారు. ఎక్కువమందికి ఆపరేషన్ తప్పింది, ప్రాణానికి నష్టం రాలేదు. కానీ వాళ్లలో ఎక్కువమందివి గొంతు వెనక భాగం క్యాన్సర్లు, అవి రేడియేషన్‌కు బాగా లొంగుతాయి. నాలుక, బుగ్గ, చిగుళ్ల క్యాన్సర్లు అంత మెత్తనివి కావు. పైగా ఆపరేషన్‌కు ముందు వైద్యం అని మొదట్లోనే అనుకున్నప్పుడు ఇచ్చే 40 గ్రే పూర్తి డోసు కాదు. చేతికి తగలకపోయినా లోపల కణాలు ఉండొచ్చు. ఆ లెక్కతో మొదలుపెట్టినవాళ్లు, బిళ్ల కరిగిందని సంతోషపడి ఆపరేషన్ మానేస్తే సగం వైద్యంతో ఆగినట్టే.

మెడ ఆపరేషన్ తర్వాత మా నాన్న చెయ్యి పైకి ఎత్తలేకపోతున్నారు. ఇలాగే ఉండిపోతుందా?

భుజాన్ని లేపే నరం లెవెల్ టూ గ్రంథుల మధ్యలోంచే వెళ్తుంది. పూర్వం దాన్ని కూడా కోసేసేవారు. ఇప్పుడు క్యాన్సర్ అంటుకోకపోతే కాపాడతారు, కానీ కదిలించినందుకు కొన్ని నెలలు మొరాయిస్తుంది. వ్యాయామం మానేస్తే భుజం బిగుసుకుపోతుంది. గాయంలోని నీరు బయటికి పోవడానికి పెట్టిన డ్రైన్ గొట్టం తీశాక ఫిజియోథెరపిస్ట్ చెప్పిన రోజు నుంచే మొదలుపెట్టండి. గోడకు ఎదురుగా నిలబడి, వేళ్లతో గోడ మీద ఎగబాకుతూ ఎంతవరకు వెళ్లగలిగితే అంతవరకు వెళ్లాలి.

మా మామయ్య రోజూ ఉదయం వంటింటి గుమ్మం పక్కన నిలబడి చేసేవారు. వేలు ఆగిన చోట మా పాప పెన్సిల్‌తో గీత గీసి పక్కన తారీఖు రాసేది. మొదటి గీత ఆయన ఛాతీ ఎత్తులో ఉంది. అయిదో నెలలో గీసినది తలుపు పైచట్రం దాకా వెళ్లింది. అందనప్పుడు పాప స్టూలు ఎక్కి గీసింది.